మార్కుల కోసం వాడ: జర్నలిజం తరగతిలో సోషల్ మీడియా ప్రాజెక్టు

ఒక డిగ్రీ కాలేజీ. పేరు చెప్పటం లేదు, అక్కర్లేదు కూడా. జర్నలిజం చదివే నలుగురు విద్యార్థుల్ని సెమిస్టరు ప్రాజెక్టుగా ఒక యిన్‌స్టాగ్రామ్ పేజీ నడపమన్నారు. నలుగురిలో ఒకతను మాదిగవాడ నుంచి వచ్చినవాడు. ఆ వాడకి శ్మశానం దారి లేదు. వున్న బాటని పక్క చేను ఆసామి తన పొలంలో కలిపేసుకున్నాడు. శవాన్ని మోసుకుంటూ వరిమడి గట్ల మీద నడవాలి. ఆ విద్యార్థి తన ఫోన్‌తో నిమిషంన్నర వీడియో తీశాడు. అందులో వాళ్ల పెద్దమ్మ ముఖం వుంది. ఆసామి పేరు ఆమె నోటి నుంచే వచ్చింది. రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ చూశాయి. ఆ జట్టుకి తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ ఏడాది నాట్లకి ఆ విద్యార్థి తల్లిని ఎవరూ పిలవలేదు. సెమిస్టరు అయిపోయాక పేజీ ఆగిపోయింది. దారి మాత్రం రాలేదు.

ఆ ప్రాజెక్టుని మెచ్చుకున్న ఉపాధ్యాయుల్లో మేమూ వున్నాం. "ధైర్యంగా చేశావు" అని భుజం తట్టినవాళ్లమే. ధైర్యం అతనిది, పోయిన కూలి వాళ్లమ్మది, మంచి పాఠం చెప్పామన్న తృప్తి మాది. యీ లెక్క సరిగ్గా లేదని గుర్తించటానికి మాకు కొంతకాలం పట్టింది. ఆ ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవటం కోసం కాక, యిప్పుడు అన్ని కాలేజీల్లోనూ పాతుకుపోతున్న యీ సోషల్ మీడియా ప్రాజెక్టు అనే బోధనా రూపాన్ని కులం వైపు నుంచి పరిశీలించటం కోసం యీ వ్యాసం రాస్తున్నాం.

అసలు యీ ప్రాజెక్టు ఏమిటి?

జర్నలిజం చెప్పే చోట వుండేవాళ్లకి తెలిసిందే. అయినా ఒకసారి చెప్పుకుందాం. నలుగురైదుగురు విద్యార్థులు ఒక జట్టు. ఒక అంశం తీసుకోవాలి. ఫేస్‌బుక్, యిన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వీటిలో ఒకదాంట్లో పేజీయో ఛానలో తెరవాలి. యిన్ని పోస్టులు, యిన్ని రీల్స్ అని లెక్క. చివర్లో ఎంతమంది చూశారు, ఎన్ని లైకులు, ఎన్ని షేర్లు అనే స్క్రీన్‌షాట్లు అంటించి ఒక రిపోర్టు. వైవా. మార్కులు.

చూడటానికి యిది చాలా ప్రజాస్వామికంగా వుంటుంది. పాతకాలంలో జర్నలిజం విద్యార్థి ల్యాబ్ జర్నల్ పేరుతో నాలుగు పేజీలు అచ్చేస్తే దాన్ని తోటి విద్యార్థులూ ప్రిన్సిపాలూ తప్ప ఎవరూ చదివేవాళ్లు కాదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. అప్పటినుంచి చాలా తరాల విద్యార్థులు తరగతి గోడల మధ్యే వార్తలు రాసి, ఆ గోడల మధ్యే మర్చిపోయారు. యిప్పుడు విద్యార్థి రాసింది తరగతి దాటి లోకంలోకి పోతోంది. మంచిదే కదా అనిపిస్తుంది.

మంచిదే. కాదని మేం అనటం లేదు. కానీ లోకంలోకి పోయేది ఎవరి ముఖం, వచ్చే మార్కులు ఎవరివి, వచ్చే దెబ్బ ఎవరికి? యీ మూడు ప్రశ్నలు ఏ మార్కుల పట్టికలోనూ వుండవు. మా విమర్శ అక్కడి నుంచి మొదలవుతుంది.

పత్రిక తలుపు దగ్గర

దళితులకి పత్రిక ఎందుకు ముఖ్యమో చెప్పటానికి వంద సంవత్సరాల చరిత్ర వుంది. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. ఆ పత్రిక వస్తోందని ఒక ప్రకటన వెయ్యమని, దానికి డబ్బు కూడా యిస్తామని అడిగితే తిలక్ స్థాపించిన 'కేసరి' ఒప్పుకోలేదు. వార్త వెయ్యకపోవటం వేరు. డబ్బిచ్చి కొనుక్కునే జాగా కూడా యివ్వకపోవటం వేరు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వకపోవటం ఎలాంటిదో యిదీ అలాంటిదే. తర్వాత 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. ఒకటి ఆగిపోతే యింకొకటి. అంబేద్కర్ జీవితం పొడుగునా ఏదో ఒక పత్రిక కోసం డబ్బు వెతుకుతూనే వున్నారు.

మన దగ్గరా అంతే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'జయభేరి' తెచ్చారు. కారంచేడు తర్వాత, 1980ల చివర్లో, బొజ్జా తారకం సంపాదకత్వంలో 'నలుపు' వచ్చింది. యివన్నీ ఎవరో తలుపు తీస్తారని ఎదురుచూడక, సొంత తలుపు పెట్టుకున్న ప్రయత్నాలు.

పెద్ద పత్రికల తలుపు సంగతేమిటి? 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడు 'పయొనీర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒక విదేశీ విలేకరి ఆయన్ని అడిగాడు: ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలి, ఎవరైనా వున్నారా? ఉనియాల్ వెతికారు. ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తిరగేశారు. ఒక్కరూ కనపడలేదు. అన్ని సంవత్సరాల వృత్తి జీవితంలో తనకి ఒక్క దళిత జర్నలిస్టు కూడా తారసపడలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. పదేళ్ల తర్వాత 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్క తీశారు. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం 121 నాయకత్వ స్థానాలు చూసింది. 106 అగ్రవర్ణాల చేతుల్లో వున్నాయి. ఎస్సీ, ఎస్టీల చేతిలో ఒక్కటీ లేదు. 1996 నుంచి 2019 దాకా యిరవై మూడేళ్లలో కంప్యూటరొచ్చింది, టీవీ ఛానళ్లొచ్చాయి, సెల్‌ఫోనొచ్చింది. సున్న మాత్రం సున్నగానే వుంది.

యీ నేపథ్యంలో ఫోను చేతికి రావటం చిన్న విషయం కాదు. ఏ 'కేసరి' అనుమతీ లేకుండా వాడలోంచి మాట్లాడొచ్చు. 2010ల ఆరంభంలో రవిచంద్రన్ బత్రన్ హైదరాబాదులో వుంటూ మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' ఆ సంగతి చూపించింది. పెద్ద ఛానళ్లు మైకు పెట్టని సభలు, మాటలు, సాక్ష్యాలు యూట్యూబులోకి కోతలు లేకుండా వచ్చాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల అంతకుముందు ఏళ్ల తరబడి ఫేస్‌బుక్‌లో రాసుకున్నవి ఆ తర్వాత పుస్తకంగా వచ్చాయి. వాటిలో తర్కం వుంది, చదువు వుంది, కోపం వుంది. అవేవీ ఏ తరగతిలోనూ మార్కుల కోసం రాసినవి కావు. రాయక తప్పదు కాబట్టి రాసినవి. సోషల్ మీడియాని తరగతిలోకి తెచ్చినప్పుడు మనం తేవాల్సింది యిదిగో, యీ అవసరాన్ని. తెచ్చింది మాత్రం స్క్రీన్‌షాట్లని.

జట్టులోపలి ఊరూ వాడా

నలుగురి జట్టు అన్నాం కదా. ఆ నలుగురూ సమానమేనా? పని ఎలా పంచుకుంటారో గమనించండి. ఒకరి దగ్గర ల్యాప్‌టాప్ వుంది. ఎడిటింగ్ వాళ్లది. ఒకరి ఉచ్చారణ 'బాగుంటుంది'. తెరమీద మాట్లాడేది, వెనకనుంచి గొంతు చెప్పేది వాళ్లు. ఒకరికి యింగ్లీషు వచ్చు. రిపోర్టు రాసేది వాళ్లు. ఎస్సీ హాస్టల్ నుంచి వచ్చిన విద్యార్థి దగ్గర ఏముంది? వాడ వుంది. అంటే జట్టుని వాడలోకి తీసుకెళ్లటం, అక్కడివాళ్లతో మాట్లాడించటం, మంచినీళ్లిప్పించటం అతని పని. తీరా వీడియో వచ్చాక 'సమర్పణ' కింద ఒక పేరు, 'సహకారం' కింద యింకొక పేరు. ఊరికీ వాడకీ మధ్య పనుల పంపకం ఎలా వుంటుందో జట్టులో కూడా అలాగే వుంది. దాన్ని మనం 'టీమ్ వర్క్' అని పిలిచి మార్కులు వేస్తున్నాం.

భాష సంగతి మరీ ఘోరం. ఒక విద్యార్థిని తన వాడ గురించి తన మాటల్లోనే చెప్పింది. 'యాసగా వుంది, ప్రామాణికంగా లేదు' అని గొంతు మార్చి మళ్లీ రికార్డు చేయించారు. వాడ చిత్రం వాడదే. మాట మాత్రం బయటిది. పత్రికల్లో ఏ జిల్లా, ఏ కులాల మాట 'ప్రామాణికం' అయిందో మనకి తెలుసు. సొంత గొంతు వినిపించుకోవటానికి వచ్చిన సాధనంలో కూడా ఆ గొంతునే తీసేస్తే యిక మిగిలేది బొమ్మే.

యింకొకటి. దళిత విద్యార్థికి అంశం ఎప్పుడూ ముందే సిద్ధంగా వుంటుంది: 'నువ్వు మీ వాళ్ల మీద చెయ్యి.' అతను క్రికెట్ మీద చేస్తానంటే, బ్యాంకుల మీద చేస్తానంటే, ఆశ్చర్యం. 'నీకున్న అనుభవం వదులుకుంటావా?' అని ప్రశ్న. అదే అగ్రవర్ణ విద్యార్థికి తన కులం ఎప్పుడూ అంశం కాదు. తమ కాలనీలో ఎవరికి యిల్లు అద్దెకివ్వరో, తమ యింట్లో పనిమనిషికి ఏ గ్లాసులో టీ పోస్తారో చూపించే ప్రాజెక్టు మేం ఒక్కటి కూడా చూడలేదు. కులం అంటే వాడలోనే వుంటుందని, దాన్ని చూడాలంటే వాడకే వెళ్లాలని మనం తెలిసో తెలియకో నేర్పుతున్నాం. కులం అసలు ఎక్కడ తయారవుతుందో అక్కడికి కెమెరా పోదు.

కొత్త సంపాదకుడు

సోషల్ మీడియాలో సంపాదకుడు లేడు, అందుకే స్వేచ్ఛ అంటారు. లేడా? వున్నాడు. అతని పేరు అంకె. ఎంతమంది చూశారన్నదే ఏది ముందు కనపడాలో, ఏది అడుక్కి పోవాలో నిర్ణయిస్తుంది. మనం మార్కులు కూడా ఆ అంకెకే వేస్తే, విద్యార్థి దేనివైపు పోతాడు? శ్మశానం దారి పట్టా కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ పది సార్లు తిరగటం ఎవరు చూస్తారు? ముసలమ్మ ఏడుపు చూస్తారు. అందుకని ఏడుపే వస్తుంది. దళితుడు ఏడవాలి, చావాలి, లేకపోతే ఐఏఎస్ పాసవ్వాలి. మధ్యలో బతికే బతుకుకి వ్యూస్ లేవు.

పోనీ, ఆ వేదికలు ఎవరివీ కావా? అదీ పొరపాటే. 2018 నవంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీ వచ్చినప్పుడు, బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చమనే పోస్టరు పట్టుకుని ఫొటో దిగారు. ఆ పోస్టరు దళిత ఉద్యమంలో తయారైంది. దాని మీద ఎంత గగ్గోలు లేచిందంటే, ఆ మాట తమ కంపెనీది కాదని, అది ఒక దళిత కార్యకర్త యిచ్చిన పోస్టరని చెప్పుకుని ఆ కంపెనీవాళ్లు క్షమాపణ దాకా వెళ్లారు. ప్రపంచంలోకెల్లా పెద్ద వేదికల్లో ఒకటి ఒక పోస్టరుకే అంత వణికింది. అట్లాగే టిక్‌టాక్. కింది కులాల పిల్లలు, పల్లెల ఆడపిల్లలు పాడి ఆడి పేరు తెచ్చుకున్న జాగా అది. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించింది. దేశ భద్రత కారణం చెప్పారు, ఆ వాదన వేరే సంగతి. కానీ రాత్రికి రాత్రి వాళ్లు పోగేసుకున్నదంతా పోయింది. పరాయి గోడ మీద రాసుకున్న రాత అట్లాగే వుంటుంది. గోడ ఎవరిదో విద్యార్థికి చెప్పకుండా రాయటం మాత్రమే నేర్పితే అది సగం చదువు.

సెమిస్టరు కాలం, కేసు కాలం

మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం కాలానికి సంబంధించింది. సెమిస్టరుకి కొద్ది నెలలు. ప్రాజెక్టుకి అందులో సగం. దళితుల మీద జరిగే దాడి వార్త అంత తొందరగా అయిపోతుందా?

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఉద్యమం పోరాడితే ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. తీర్పు 2007లో వచ్చింది: 21 మందికి యావజ్జీవ శిక్ష. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. యిరవై మూడేళ్లు. మొదటి రోజు శవాల ఫొటోలు అన్ని పత్రికలూ వేశాయి. తర్వాత యిరవై రెండేళ్లు ఆ సాక్షులు ఎట్లా బతికారు, ఎవరు కోర్టుకి తీసుకెళ్లారు, ఎవరు బెదిరించారు? అదీ వార్తే. దాన్ని రాయటానికి ఓపిక కావాలి. మిర్యాలగూడలో ప్రణయ్‌ని 2018 సెప్టెంబరు 14న చంపారు. సీసీటీవీ దృశ్యాలు ఫోన్లలో తిరిగాయి. ఒకే ఫేస్‌బుక్‌లో న్యాయం కావాలనేవాళ్లూ వున్నారు, చంపించిన తండ్రిని పొగిడేవాళ్లూ వున్నారు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ఆరున్నరేళ్లు. మొదటి వారం ఆ దృశ్యాన్ని షేర్ చేసినవాళ్లలో ఎంతమంది ఆ తీర్పుదాకా వెంట వున్నారు?

వెంట వుండటమే జర్నలిజం. యీ మాట తరగతిలో చెప్పటం సులువు. సెమిస్టరు చివర పేజీని మూసెయ్యటానికి అనుమతిస్తూ చెప్పటం మోసం.

చట్టం తెలియని కెమెరా

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరణతో బలపడింది. జర్నలిజం తరగతిలో దాన్ని ఎన్ని గంటలు చెబుతున్నాం? చాలా చోట్ల 'మీడియా చట్టాలు' అంటే పరువునష్టం, కోర్టు ధిక్కారం. అంటే పెద్దవాళ్ల పరువు ఎట్లా కాపాడాలో నేర్పుతాం. పేదవాళ్ల ప్రాణం ఎట్లా కాపాడాలో నేర్పం.

యీ చట్టం చదివితే విద్యార్థికి దొరికే ప్రశ్నలు ఎన్నో. దర్యాప్తు చేసేది డీఎస్పీ హోదాకి తగ్గకుండా వుండాలి. చేశారా? అరవై రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. వేశారా? బాధితులకి సహాయం విడతలుగా అందాలి. మొదటి విడత వచ్చిందా? జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి. పోయినసారి ఎప్పుడు కూర్చుంది? 15ఏ సెక్షను యింకొక మాట చెబుతోంది: యీ చట్టం కింద జరిగే విచారణనంతా వీడియో తీయాలి. అంటే కెమెరాని చట్టమే కోర్టులోకి పిలిచింది. మన జిల్లా ప్రత్యేక కోర్టులో ఆ కెమెరా వుందా అని ఒక్క విద్యార్థి వెళ్లి అడిగితే, అది వంద రీల్స్ పెట్టు.

రెండో వైపు కూడా నేర్పాలి. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు, ఆనవాలు బయటపెట్టటం నేరం. యిదివరకు శిక్షాస్మృతిలో వుండేది, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ వుంది. పిల్లల విషయంలో పోక్సో యింకా కఠినం. అయినా దళిత ఆడపిల్ల విషయానికొచ్చేసరికి పేరు, ఫొటో, యిల్లు, వాడ అన్నీ తిరుగుతాయి. న్యాయం చెయ్యాలన్న మంచి బుద్ధితోనే తిప్పుతారు. ప్రాజెక్టులోనూ యిదే జరుగుతోంది. యింకా, కులం పేరుతో తిట్టిన పోస్టు కింద విద్యార్థి దిగాలుగా కూర్చుంటే మనం 'పట్టించుకోకు' అంటాం. యింటర్నెట్‌లో పెట్టిన తిట్టు కూడా నలుగురి ఎదుట తిట్టినట్టే అవుతుందని 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. పట్టించుకోవాల్సిన విషయం అని కోర్టే చెబుతుంటే వద్దనటానికి మనమెవరం?

ఫోను కంటే ముందు

చిత్రకూట్ ప్రాంతంలో 'ఖబర్ లహరియా' 2002లో మొదలైంది. దళిత స్త్రీలు, పల్లె ఆడవాళ్లు బుందేలీలో వార్తలు రాసి, అచ్చేసి, చేతుల్తో పంచారు. తర్వాత ఫోను పట్టుకున్నారు, యూట్యూబుకి వెళ్లారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషను దాకా పోయింది. అందరూ ఫోను పట్టుకున్న ఆడవాళ్ల గురించి మాట్లాడారు. మేం గమనించమనేది అంతకు ముందున్న ఏళ్లని. పోలీసు స్టేషన్‌లో నిలబడి ఎఫ్ఐఆర్ అడగటం, అధికారి చెప్పింది యింకొకరితో సరిచూసుకోవటం, మర్నాడు అదే ఊరికి మళ్లీ వెళ్లి ముఖం చూపించగలగటం: యివి ఫోనుకి ముందే నేర్చుకున్నారు. ఆ పైన ఫోను ఆయుధమైంది. మన తరగతిలో ఫోను ముందొచ్చింది, మిగతావి రాలేదు.

యింకొక సంగతి. వాళ్లు ఒక్కొక్కరు కారు, ఒక సంస్థ. కారంచేడులో 1985 జులై 17న దాడి జరిగాక బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. అక్కడ శిబిరం లేచింది, దళిత మహాసభ పుట్టింది. కారంచేడు వార్త దేశమంతా పోయిందంటే, ఆ వార్త వెనక నిలబడ్డ మనుషులున్నారు కాబట్టి. ఒంటరి విద్యార్థి ఫోను వెనక ఎవరున్నారు? కాలేజీ వుందా? మేమున్నామా? ఆ శ్మశానం దారి వీడియో విషయంలో లేము. అదీ మా ఒప్పుకోలు.

మా ప్రతిపాదనలు

మరి మానెయ్యమంటారా అని మిత్రులు అడుగుతున్నారు. లేదు. మానేస్తే పాత తలుపే మిగులుతుంది. మార్చమంటున్నాం. చర్చ కోసం కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. వ్యూస్‌కీ లైకులకీ ఒక్క మార్కు కూడా వెయ్యొద్దు. ఎవర్ని అడిగారు, ఏ కాగితం చూశారు, ఏది తప్పని తేలి దిద్దుకున్నారు అనే నోటు పుస్తకానికి మార్కులెయ్యాలి. దిద్దుకున్నవాళ్లకి ఎక్కువెయ్యాలి.

రెండు. వీడియోలో వున్న మనుషులకి అది బయటికి పోకముందే చూపించాలి. 'మా ముఖం తీసెయ్యి' అంటే తీసెయ్యాలి. మర్నాడు మనసు మార్చుకున్నా తీసెయ్యాలి. రేపు కూలి పోతే, నీళ్లు ఆపితే ఏం చేస్తామన్నది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. దానికి జవాబు లేకపోతే పేరూ ముఖం లేకుండా, కాగితాల ఆధారంతో చెయ్యాలి.

మూడు. ప్రాజెక్టు విద్యార్థి సొంత ఖాతాలో కాక శాఖ పేరుతో వున్న పేజీలో రావాలి. సంపాదకులుగా ఉపాధ్యాయుల పేరుండాలి. ఫోను బెదిరింపు వస్తే ముందు మాకే రావాలి. సంతకం పెట్టటానికి భయపడే ఉపాధ్యాయులకి విద్యార్థిని ధైర్యంగా వుండమనే హక్కు లేదు.

నాలుగు. కులం అందరికీ అంశం కావాలి. ఆధిపత్య కులాల విద్యార్థులు తమ వీధిని, తమ గుడిని, తమ పెళ్లి ప్రకటనల్ని చూడాలి. దళిత విద్యార్థి తన యిష్టమైనది ఎంచుకోవాలి. బడ్జెట్ చెయ్యనివ్వండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ డబ్బు కాగితం మీద ఎంత, ఊళ్లోకి వచ్చింది ఎంత అని ఒక మండలానికి లెక్క తీస్తే అది ఏ పెద్ద పత్రికా చెయ్యని పని అవుతుంది.

అయిదు. పేజీ సెమిస్టరుతో చావకూడదు. ఒక బ్యాచ్ తెరిచిన ఫైలు తర్వాతి బ్యాచ్‌కి అప్పజెప్పాలి. శ్మశానం దారి ఫైలు మూడో బ్యాచ్ చేతిలో వున్నా పరవాలేదు, దారి వచ్చేదాకా వుండాలి. వీడియోల అసలు ప్రతులు కాలేజీ దగ్గర కూడా దాచాలి. పరాయి గోడని నమ్ముకోవద్దు.

ఆరు. మాట దిద్దొద్దు. ఎవరికైనా అర్థం కాకపోతే కింద అక్షరాలు వెయ్యండి. గొంతు అట్లాగే వుండనివ్వండి.

ఒక అభ్యంతరం

ఉద్యమంలో పనిచేసే మిత్రులు మమ్మల్ని కోప్పడొచ్చు. 'దాడి జరిగిన పూట వీడియో బయటికి రాకపోతే ఎఫ్ఐఆరే కాదు. మీరు అనుమతులు, నోటు పుస్తకాలు అంటూ కూర్చుంటే సాక్ష్యం మాయమవుతుంది' అని. నిజం. ఆ పూట తియ్యాల్సిందే, పంపాల్సిందే. అది ఉద్యమం పని. దాని వెనక సంఘం వుంటుంది, వకీలు వుంటాడు, రేపు వచ్చి నిలబడేవాళ్లు వుంటారు. మేం మాట్లాడుతున్నది మార్కుల కోసం చేసే పని గురించి. యీ రెంటినీ కలిపేసి, ఉద్యమం చెయ్యాల్సిన పనిని పందొమ్మిదేళ్ల విద్యార్థి నెత్తిన పెట్టి, దాన్ని చైతన్యం అని పిలవటాన్నే కాదంటున్నాం. ఉద్యమాలు తరగతిలోకి రావాలి. వకీళ్లని, పాత కేసుల సాక్షుల్ని, చిన్న పత్రికలు నడిపినవాళ్లని పాఠం చెప్పటానికి పిలవాలి. అప్పుడు విద్యార్థి వెనక కూడా ఎవరో వున్నట్టు వుంటుంది.

ఆ మొదటి విద్యార్థి యిప్పుడు చదువు అయిపోయి ఊళ్లోనే వున్నాడు. పోయిన నెల మాకు ఫోను చేశాడు. దారి కోసం సర్వే నంబరుతో అర్జీ రాయాలట, ఎట్లా రాయాలని అడిగాడు. మా మూడేళ్ల పాఠాల్లో అది లేదు. కూర్చుని అతనితో కలిసి నేర్చుకుంటున్నాం. అర్జీకి జవాబొచ్చినా రాకపోయినా, ఆ సంగతి తర్వాతి సంచికలో రాస్తాం. పాఠకులు, ముఖ్యంగా జర్నలిజం చెప్పే, చదివే మిత్రులు, తమ తరగతుల్లో జరుగుతున్నదాన్ని యీ చర్చలోకి తీసుకురావాలని కోరుతున్నాం.